డేగ ఈదిన చెరువులు

బావ స్టీలు చెంబుతో కొట్టినప్పుడు అక్క పైవరస పన్ను ఒకటి ఊడింది. పోయిన చలికాలం ఆమె జగదల్‌పూర్ నుంచి ఒక్కతే బస్సెక్కి కిరందుల్‌లోని మా క్వార్టర్‌కి వచ్చేసినప్పుడు ఆ పన్ను ఆమె కొంగుకి ముడివేసి ఉంది. అదెందుకు తెచ్చావని అమ్మ అడిగితే, "నాదే కదమ్మా, అక్కడెందుకు వదిలేస్తాను" అంది.

మా ఇంటి వెనక కొండల మీద ఇనుప గని. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, కాసేపటికి బ్లాస్టింగ్ జరుగుతుంది, కిటికీ అద్దాలు గలగలలాడతాయి. మేం పుట్టినప్పటినుంచీ వింటున్న చప్పుడు. అన్నం తినేవాళ్ళు చేతిలో ముద్ద కూడా ఆపరు. ఈసారి మాత్రం ప్రతి పేలుడుకీ అక్క రెండు చేతులూ తల మీద పెట్టుకుని వంగిపోయేది. నాన్న చూసేవారు, చూసి కంచంలోకి తల దించుకునేవారు.

నాన్న ఆ గనిలోనే డంపర్ నడుపుతారు. మాది గోదావరి వైపు. ఇంత దూరం వచ్చినా ఆయనకి పుంజుల పిచ్చి పోలేదు. క్వార్టర్ వెనక రేకుల కింద ఎప్పుడూ రెండు మూడు పుంజులుండేవి. బస్తర్ సంతల్లో కోడిపందెం ఏడాది పొడుగునా ఉంటుంది కాబట్టి ఆయనకి ఇక్కడ కాలక్షేపానికి లోటు లేదు. బావని మొదట చూసింది కూడా ఒక సంతలోనే. బావ వాళ్ళది సరిహద్దులో మరైగూడ, జగదల్‌పూర్‌లో టిప్పర్లు తిప్పుతాడు. ఆరోజు ఓడిపోయి రక్తం కారుతున్న పుంజుని ఒళ్ళో పెట్టుకుని, నోట్లో నీళ్ళు పోసుకుని దాని మొహం మీద సన్నగా ఊది, పసుపు అద్ది, దారంతో కుట్టాడట. ఇంటికొచ్చి నాన్న అమ్మతో అన్న మాట నాకు బాగా గుర్తు. "పుంజుని అంత సుతారంగా పట్టుకునేవాడు ఆడపిల్లని కష్టపెట్టడు." నిశ్చితార్థం నాడు ఆయన అల్లుడికి ఉంగరంతో పాటు, అప్పుడే కూత నేర్చిన ఒక డేగ రకం పుంజు పిల్లని ఇచ్చారు. ఎర్రగా, మెడ దగ్గర నిప్పు రాజుకున్నట్టుండేది.

అక్క వచ్చిన వారానికి బావ వచ్చాడు. మిఠాయి పొట్లం, అమ్మకి చీర, కారు వెనక బుట్టలో డేగ. నాన్న ముందు డేగ దగ్గరికే వెళ్ళారు.

"నాలుగు రోజులు తిరిగొద్దాం మామా," అన్నాడు బావ. "చెరువులు, గుళ్ళు, సంతలు. నిమ్మళంగ చూస్కుంట పోదాం. ఆఖర్న జగదల్‌పూర్ల మా ఇంటికాడ మీ బిడ్డ దిగుద్ది. ఇంట్లనే కూసుంటే మనసు ఇరిగిపోద్ది."

నాన్నకి అది మంచి ఆలోచనగా తోచింది. డ్యూటీకి సెలవు పెట్టారు. అక్క సరేననలేదు, రాననలేదు. ఆ ప్రయాణం చివర ఏముందో మా అందరికీ తెలుసు. జగదల్‌పూర్‌లో ఆ గుమ్మం ముందు కారు ఆగుతుంది. అక్క దిగుతుందా, దిగదా. మిగతాదంతా దారి.

బయల్దేరేముందు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు దాని పక్కనే ఉండు. మాట్లాడకపోయినా పర్లేదు, ఉండు." మాట్లాడకుండా ఉండటం నాకు బాగా వచ్చిన పనే. అందుకే నన్ను పంపింది.

ముందు సీట్లో బావ, నాన్న. వెనక నేను, అక్క. మా వెనక డిక్కీలో డేగ. మలుపు తిరిగినప్పుడల్లా బుట్టని గోళ్ళతో గీకేది, తోచినప్పుడు కూసేది. నేను ఒళ్ళో పుస్తకం పెట్టుకున్నాను కానీ గుంతల రోడ్డు కుదుపుల్లో ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ చదవాల్సి వచ్చింది. బచేలీ దాటాక రోడ్డు పక్కన వాగు ఎర్రగా పారుతోంది. మాకది మామూలు నీళ్ళ రంగే. వేరే ఊళ్ళలో వాగు నీళ్ళు అలా ఉండవని నాకు చాలా కాలం తెలీదు.

దంతెవాడ ఇంకా రాకముందు, సైకిలుకి కట్టెల మోపు కట్టుకున్న ఒకాయన రోడ్డు మధ్యలో వెళ్తున్నాడు. బావ హారన్ కొట్టాడు. ఆయన పక్కకి తప్పుకునేలోగానే బావ కారాపి దిగిపోయాడు. ముందు చెంప మీద కొట్టాడు. ఆయన తలపాగా ఊడింది. తర్వాత సైకిల్ని కింద పడేసి, మడమతో చక్రం మీద తొక్కాడు. ఊచలు వంగే చప్పుడు కారులోకి వినిపించింది. ఆయన గోండీలో ఏదో అన్నాడు. బావ ఇంకో దెబ్బ వేశాడు. ఆయన చెవి పట్టుకుని, కట్టెల మీద కూర్చుండిపోయాడు.

"పోనివ్వండి అల్లుడుగారూ," అన్నారు నాన్న కిటికీలోంచి. టీ ఒలికినప్పుడు అనే గొంతుతోనే అన్నారు.

బావ వచ్చి కూర్చుని, చేతులు తుడుచుకుని, పాటలు పెట్టాడు. "హారన్ ఇనపడదంట మామా. ఇప్పుడు ఇనపడుద్ది." ఒక మైలు దాటాక జామకాయలు కొని, ఉప్పూకారం అద్ది, మొదటి ముక్క అక్కకే ఇచ్చాడు. పన్ను లేని వైపు తినలేక అక్క దాన్ని రెండో వైపు పెట్టుకుని నెమ్మదిగా నమిలింది.

అతను సరదా మనిషి కాదని నేను అనను. మా గనిలో హిందీ ఆఫీసర్లు మాట్లాడినట్టు మాట్లాడి నాన్నని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వించాడు. నన్ను "పుస్తకాల పిల్లా" అని పిలిచి, "గందుల నా గురించి ఏమన్న రాసిన్రా?" అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ నవ్వు మధ్యలో కూడా అక్క కళ్ళు అతని చేతుల మీదే ఉండటం నాకు కనిపించేది.

దారిలో చెరువు కనిపించిన చోటల్లా ఆగేవాళ్ళం. డేగని ఈదించాలి. పందెం పుంజుకి రెక్కల్లో సత్తువ, ఊపిరి నిలవాలంటే నీళ్ళలో ఈదించడం మా నాన్న నేర్పిన పద్ధతి. ఒకరు ఒడ్డు నుంచి వదులుతారు, ఇంకొకరు నడుం లోతులో నిలబడి అందుకుంటారు. డేగ మెడ పైకెత్తి, రెక్కలతో నీళ్ళు బాదుకుంటూ, కోపంగా వచ్చేది. దంతెవాడ బయటి చెరువులో నాన్న, బావ అలా ఒక గంట గడిపారు. మేం గట్టు మీద కూర్చున్నాం. తామరాకుల మధ్య పిల్లలు చేపలు పడుతున్నారు. ఎండ హాయిగా ఉంది. ఎవరైనా చూస్తే మంచి కుటుంబం అనుకునేవారు.

బార్సూర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నాన్న చెప్పులు విడిచి పాత గుళ్ళు చూడటానికి వెళ్ళారు. బావ చెరువు దగ్గర అక్కని పిలిచాడు.

"నీళ్ళల దిగు. ఆ చివర నిలబడు."

"చీర తడుస్తుంది."

"ఎండల్నే ఉన్నవ్, ఆరుద్ది. దిగవే."

అక్క దిగింది. బావ వదిలిన డేగ సగం దూరం ఈది పక్కకి తిరిగింది. అక్క అటు కదిలేలోగా అది ముళ్ళపొదల వైపు ఒడ్డెక్కింది. బావ నీళ్ళలోకి నడిచాడు. అక్క దగ్గరికి వెళ్ళి, ఆమె భుజం మీది బురద తుడిచినట్టు చెయ్యి వేసి, మెడ వెనక పట్టుకుని నీళ్ళలోకి వంచాడు. వంచి పట్టుకున్నాడు. అక్క చేతులు నీళ్ళ పైన కొట్టుకున్నాయి. బుడగలు వచ్చాయి. గాజొకటి విరిగి మునిగిపోయింది. అతను చెరువు అవతలి గట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నవాడిలా.

నేను లేచాను. చేతిలో పుస్తకంతోనే నీళ్ళలోకి నడిచి, ఇద్దరికీ మధ్య నా ఒంటిని తోశాను. అతను చెయ్యి వదిలాడు.

"చూడు, మరదలు పిల్లకి గూడ తానం గావాల్నంట," అని నవ్వాడు. "పరాచకం ఆడిన. ఏంది మొకాలట్ల బెట్టిన్రు?"

అక్క దగ్గుతూ ముక్కులోంచి నీళ్ళు చీదింది. నాన్న తిరిగొచ్చేసరికి బావ డేగని తువ్వాలుతో తుడుస్తున్నాడు, ఒక్కో రెక్కా విప్పి, ఒక్కో ఈకా సర్ది.

"కాలు జారిందా?" అని అడిగారు నాన్న, మా ఇద్దరి బట్టలూ చూసి.

"జారింది," అంది అక్క.

ఆ సాయంత్రం గీదంలో బావ బంధువుల ఇంట్లో దిగాం. నేను, అక్క ఒకే మంచం మీద పడుకున్నాం. "నాన్నకి చెప్పనా?" అని అడిగాను. "చెప్తే నమ్ముతారు. నమ్మి, సర్దుకోమంటారు. అది వినలేను" అంది. నా పుస్తకం కిటికీలో ఆరబెట్టాను. తెల్లవారేసరికి కాగితాలు ఉబ్బి అది రెండింతలు లావైంది.

మర్నాడు కటేకల్యాణ్ మీదుగా తోంగ్‌పాల్ వైపు వెళ్ళాం. అడవి, మెట్ట, మళ్ళీ అడవి. అటువైపు ఊళ్ళలో ఒకప్పుడు జనం గోతులు తవ్వి, మట్టిని పళ్ళేలలో కడిగి తగరం ఏరేవారట. తగరం అయిపోయిన గోతుల్లో వానలు నిండి చెరువులయ్యాయి. వాటికి మెట్లుండవు, వాలు గట్లుండవు. నిట్టనిలువు ఒడ్లు, ఆకుపచ్చ నీళ్ళు. అలాంటి ఒక గోతి పక్కనే సంత. కల్లు కుండలు, ఎండుచేపలు, చీమల చట్నీ, ప్లాస్టిక్ చెప్పులు. ఒక మూల కర్రలతో కట్టిన బరి, చుట్టూ మగవాళ్ళు.

ఆడవాళ్ళెవరూ బరి దగ్గర లేరు. నేను, అక్క కారు పక్కన నిలబడ్డాం. జనం కాళ్ళ మధ్యనుంచి అంతా కనిపించింది.

డేగ కాలికి నాన్నే కత్తి కట్టారు. వేలంత పొడుగు, గడ్డం గీసుకునేంత పదును. ఎదుటిది తెల్ల పుంజు. వదలగానే రెండూ గాల్లో కలుసుకున్నాయి. రెండు మూడుసార్లు ఈకలు లేచాయి. తెల్ల పుంజు కింద పడి, పేగులు ఈడ్చుకుంటూ ఇంకా లేవబోయింది. డేగ దాని కళ్ళు పొడిచింది. జనం అరుపులో దాని చావు చప్పుడు వినబడలేదు. పద్ధతి ప్రకారం చచ్చిన పుంజు గెలిచినవాడిది. దాన్ని కాళ్ళు పట్టుకుని తెచ్చి బావ డిక్కీలో పడేశాడు. రక్తం స్టెప్నీ మీద కారింది.

డేగకి కూడా రెక్క కింద రొమ్ము చీలింది. నాన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని కారు పక్కన కూర్చుని, కత్తి తాడు విప్పడం మొదలుపెట్టారు. "సూది ఉందా అమ్మా?" అని అక్కని అడిగారు. చిన్నప్పటినుంచి మా ఇంట్లో పుంజుల గాయాలు కుట్టేది అక్కే. అక్క సంచిలో వెతుకుతోంది.

అప్పుడు తెల్ల పుంజు మనిషి ఇంకో నల్లదాన్ని చంకలో పెట్టుకుని వచ్చాడు. "క్యా సేఠ్, ఏక్ హీ బార్? డర్ గయా?" అన్నాడు, ఒక్కసారికే భయపడ్డావా అని. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో కోడిపెట్టలా కొక్‌కొక్‌మని అరిచారు. బావ మొహం మాడిపోయింది.

"ఇయ్యి మామా. ఇంకోపాలి దించుతా."

"గాయమైంది అల్లుడుగారూ. దెబ్బ తిన్నదాన్ని మళ్ళీ దించకూడదు. మా ఇంటా వంటా లేదు."

"ఏం గాదు, ఇయ్యి."

"వద్దు బాబూ. దించిన మనిషి మనిషి కాదు."

అక్క నవ్వింది. ఆ ప్రయాణంలో ఆమె నవ్వడం నేను విన్నది అప్పుడే. పన్ను లేని సందులోంచి గాలి వచ్చింది.

"నాన్నా," అంది, "నేను కోడినై పుట్టాల్సింది. నన్ను దించడానికేగా జగదల్‌పూర్ తీసుకెళ్తున్నారు?"

నాన్న చెయ్యి తాడు మీద ఆగిపోయింది. బావ తిరిగి, అందరి ముందూ అక్కని కొట్టాడు. చాచి కొట్టాడు. ఆమె తల కారు తలుపు అంచుకి తగిలింది. రెండో దెబ్బ నోటి మీద. పెదవి చిట్లి, రక్తం గడ్డం దాకా వచ్చింది. అక్క పడలేదు. తలుపు పట్టుకుని నిలబడి అతన్నే చూసింది.

నాన్న లేవబోయారు. బావ వంగి ఆయన ఒళ్ళోంచి డేగని ఒక రెక్క పట్టుకుని గుంజాడు. పుంజుని అలా పట్టుకోకూడదు. పందెం తెలిసిన ఏ మనిషీ అలా పట్టుకోడు. కత్తి ఇంకా కాలికే ఉంది, సగం విప్పిన తాడుతో. డేగ అరిచి, గాల్లో తన్నింది. కత్తి బావ ముంజేతిని లోపలి వైపు మోచేతి దాకా చీల్చేసింది.

మొదట అతనికి అర్థం కాలేదు. తర్వాత రక్తం కొట్టుకుంటూ వచ్చింది, పైపు పగిలినట్టు. కారు అద్దం మీద, నా సల్వార్ మీద, నాన్న నుదుటి మీద పడింది. జనం వెనక్కి తగ్గారు. నవ్విన మనిషి నల్ల పుంజుతో సహా మాయమయ్యాడు.

"సస్తనా మామా?" అన్నాడు బావ నేల మీద కూలబడి. "మామా, సస్తనా?"

నాకు జాలి కలగలేదు. ఆ ఎరుపు మా బచేలీ వాగులా ఉందనిపించింది, అంతే.

అక్క తన కొంగు చింపింది. అతని మోచేతి పైన బిగించి, కర్రముక్క పెట్టి మెలితిప్పింది. గాయం మీద తువ్వాలు మడిచి నొక్కింది. తన గడ్డం మీది రక్తం అతని చొక్కా మీద పడుతోంది.

"చావవు. చెయ్యి పైకెత్తి పట్టుకో. నాన్నా, మీరు నడపండి."

నాన్న కారు నడిపారు. డంపర్ నడిపినట్టే, మలుపుల్లో ఒళ్ళంతా తిప్పి, హారన్ మీద చెయ్యి తీయకుండా. నేను ముందు సీట్లో, కాళ్ళు కట్టిన డేగ నా ఒళ్ళో. బయల్దేరేముందే కత్తి నేనే విప్పి ఆ తగరం గోతిలోకి విసిరేశాను. దర్భా ఘాట్ కొండదారి అంతా బావ తల అక్క ఒళ్ళో ఉంది. ఏడ్చాడు.

"తప్పయిపోయింది. నీ కాళ్ళు మొక్కుతా. ఇంటికి పోదాం. ఇంకెప్పుడు చెయ్యెత్త. మీ నాయన మీద ఒట్టు."

అక్క చింపిన కొంగుని ఇంకొంచెం బిగించింది. అద్దంలో నాన్న కళ్ళు వెనక్కి చూశాయి, మళ్ళీ రోడ్డు మీదకి వెళ్ళాయి. ఆమె కరిగిపోతుందని నేను భయపడ్డాను. అతని నుదుటి చెమట ఆమె అలవాటుగా తుడవడం చూసినప్పుడు మరీ భయపడ్డాను.

జగదల్‌పూర్ ఆసుపత్రిలో అతన్ని లోపలికి తీసుకెళ్ళారు. ప్రాణానికి భయం లేదన్నారు. అతని తల్లి ఆటోలో వచ్చింది. అక్క పెదవి, చిరిగిన చీర, అన్నీ చూసింది. చూసి కూడా, "మంచి టైముకే వచ్చినవ్ బిడ్డా. ఇగ నువ్వే జూస్కోవాలె. చెయ్యి లేనోనికి అన్నం ఎవలు తినిపిస్తరు?" అంది.

"కారు మీదే. తాళాలు ఇవిగో," అంది అక్క. "డిక్కీలో చచ్చిన పుంజుంది. గెలిచినందుకు వచ్చింది. వండి పెట్టండి."

"మొగడు గిట్ల పడుంటే యాడికే పోయేది?"

అక్క బయటికి నడిచింది. నేను డేగతో ఆమె వెనకే నడిచాను. నాన్న కనిపించలేదు. ఆయన లోపల అల్లుడి దగ్గర ఉండిపోయారనుకున్నాం.

ఇద్దరం దల్‌పత్ సాగర్ దాకా వెళ్ళాం. సాయంత్రం వెలుగులో ఆ పెద్ద చెరువు గట్టు మీద జనం షికారు చేస్తున్నారు, మొక్కజొన్న కంకులు తింటున్నారు. అక్క మెట్ల మీద కూర్చుని చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో రక్తం ఎండిపోయింది, తొందరగా వదల్లేదు. రుద్దుతూనే ఉంది. అతని ఇల్లు అక్కడికి దగ్గరే. రెండు సందులు తిరిగితే వస్తుంది. ఆమె ఆ వైపు ఒకసారి చూసింది.

నాన్న వెతుక్కుంటూ వచ్చారు. మా పై మెట్టు మీద నిలబడ్డారు. చొక్కా మీద రక్తం నల్లబడింది.

"కిరందుల్ బస్సు ఇంకోటుందట," అన్నారు. "మూడు టికెట్లు తీసుకున్నాను."

బస్సులో కండక్టర్ నా ఒళ్ళో డేగని చూసి, "ఇస్కా హాఫ్ టికెట్ లగేగా, దీదీ" అని నవ్వుతూ దానికీ అర టికెట్ అడిగాడు. అక్క నవ్వబోయి, పెదవి నొప్పెట్టి ఆగింది.

మర్నాడు నాన్నకి ఇంకా సెలవే ఉంది. వెనక పెరట్లో అక్క డేగని ఒళ్ళో పెట్టుకుని కుట్లు వేస్తోంది. నేను కాళ్ళు పట్టుకున్నాను. సైరన్ మోగింది. తర్వాత బ్లాస్టింగ్. అక్క ఉలిక్కిపడింది. సూది లోతుగా దిగి, డేగ ఆమె చేతిని పొడిచింది. అక్క దాన్ని బూతు తిట్టింది. ఆ మాట ఆమెకి వచ్చని మా అమ్మకి తెలీదు.

లోపల ఫోన్ మోగింది. నాన్న ఎత్తి, స్పీకర్ నొక్కారో, దానంతటదే నొక్కుకుందో తెలీదు. బావ గొంతు నీరసంగా పెరటి దాకా వచ్చింది. "రేపు కారు పంపుతా మామా. దాన్ని తోలియ్యి."

నాన్న గుమ్మంలోకి వచ్చి అక్క వైపు చూశారు. అక్క దారం పళ్ళతో కొరికి తెంపుతోంది, పన్ను లేని వైపు కాకుండా రెండో వైపు.

"పంపను," అన్నారు. ఎప్పుడూ అనే "అల్లుడుగారూ" అనలేదు. ఫోన్ పెట్టేసి వచ్చి, నా పక్కన గొంతుకూర్చుని, డేగ రెక్క పైకెత్తి పట్టుకున్నారు.

"ఇంకో కుట్టు పడుద్దమ్మా ఇక్కడ," అన్నారు.